రత్నంగారి సభలో నేను అందించని పాట

దయ్యాలు లేవని నేను అనను. ఉన్నాయని లేఖనాలే చెబుతున్నాయి గనుక అనలేను. కానీ చనిపోయిన మనిషి మళ్ళీ మన మధ్యకు వచ్చి నోరు విప్పుతాడన్న మాట నేనెన్నడూ నమ్మలేదు. ప్రభువులో నిద్రించినవారు ఆయన పిలిచేదాకా నిద్రిస్తారని చిన్నప్పుడు విన్నాను, పెద్దయ్యాక బళ్ళో పిల్లలకూ అదే చెప్పాను. సోదె చెప్పించుకోవడానికి బయలుదేరిన మా సంఘస్థులను దారిలో ఆపి వెనక్కి తీసుకొచ్చినవాణ్ణి.

కాబట్టి ఇది చదివి నా నమ్మకం మారిపోయిందని ఎవరూ అనుకోవద్దు. మారలేదు. జరిగింది జరిగినట్టు చెబుతున్నాను.

అరవయ్యో దశకం చివరి మాట. మా ఊరు గజపతినగరానికి దగ్గర, చంపావతి ఏటి ఒడ్డున. నేను మిషన్ బడిలో ఉపాధ్యాయుణ్ణి. వెనకటి దొరలు కట్టించిన పెంకుటి మందిరం మాది. సంఘంలో ఎక్కువమంది కూలి పనులకు వెళ్ళేవారు, అక్షరం రానివారు.

అందుకని మా మందిరంలో పాట అందించే పద్ధతి ఉండేది. ఒక మనిషి ముందు నిలబడి ఒక్కో వరుస గట్టిగా చెబుతాడు. సంఘం ఆ వరుసను రాగంతో పాడి ఆగుతుంది. అతను తర్వాతి వరుస అందిస్తాడు. పాట ఎంత పొడుగైనా అలా సాగిపోతుంది. అందించే మనిషి లేకపోతే మావాళ్ళు మొదటి చరణం దాటలేరు.

ఆ పని ఒకప్పుడు రత్నంగారిది. ఆయన తండ్రి మందిరం గంట కొట్టేవాడు. మా పేటలో అందరికంటే ముందు చదవడం వచ్చింది ఆయనకే గనుక, మూతి మీద నూనూగు మీసం రాకముందే పెద్దల ముందు నిలబడి పాట అందించాడట. తర్వాత విజయనగరంలో చదివారు, మద్రాసులో చదివారు. చివరికి ఉత్తరాదిన ఒక పెద్ద విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్ అయ్యారు. పేపర్లో ఫోటో పడేది. అయినా వీలైనప్పుడల్లా ఊరికి వచ్చి, వాళ్ళ అప్ప అరుగు మీద కూర్చుని చోడంబలి, అంటే రాగి అంబలి, తాగేవారు. మా వైపు అక్కను అప్ప అంటాం.

నాకంటే చాలా పెద్ద. పాట అందించడం నాకు నేర్పింది ఆయనే. నేను గబగబా చదివేస్తుంటే నవ్వేవారు.

"ఒరే యోహానూ, వరుసని అలగ తోసీకురా. ఎనక బెంచీలో ముసిలమ్మకి అందేదాకా సేత్తో పట్టుకుని ఉండు. అందినాక అప్పుడు ఒదులు."

అంత పెద్ద ఉద్యోగంలో ఉన్న మనిషి మా భాష మరిచిపోలేదు. మాతో ఇంకోలా మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు.

ఆయన విషయంలో నాకున్న దిగులు ఒక్కటే. రత్నంగారు బాప్తిస్మం తీసుకోలేదు.

మా బాప్టిస్టులలో పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వరు. వయసు వచ్చాక, మనసుతో ఒప్పుకుని, ఏట్లో దిగి, "నమ్ముతున్నావా?" అని అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, అడిగితే అందరూ వినేలా "నమ్ముతున్నాను" అని చెప్పాలి. అప్పుడు ముంచుతారు. ఆయన ఈడువాళ్ళంతా దిగిన సంవత్సరం ఆయన విజయనగరం హాస్టల్లో ఉన్నారు. ఆ తర్వాత దిగలేదు. ఊరికి వచ్చినప్పుడు ఆరాధనకు వచ్చేవారు గానీ, బాప్తిస్మం తీసుకున్నవారికే ఇచ్చే ప్రభువు బల్ల దగ్గర రొట్టె పళ్ళెం వస్తే తాకకుండా పక్కవారికి అందించేసేవారు. అది చూడలేక నేను తల తిప్పుకునేవాణ్ణి.

చివరిసారి వచ్చినప్పుడు సాయంకాలం ఏటి గట్టున నడుస్తూ ధైర్యం చేసి అడిగాను.

"దిగొచ్చు కదండీ?"

"అయ్యగారు నమ్ముతన్నావా అని అడుగుతారు కదరా. అప్పుడు నా నోట్లోంచి అబద్ధం రాకూడదు. సగం నమ్మకంతో ఆ నీళ్ళు ముట్టుకోలేను" అన్నారు. ఇంకొంచెం దూరం నడిచాక, "నీకెలాగొచ్చిందిరా అంత నమ్మకం? నాక్కూడా రావాలని ఉన్నాది. శానా ఉన్నాది" అన్నారు.

ఆ రోజు నుంచి ప్రతి ప్రార్థనలోనూ ఆయన పేరు చెప్పాను. నేను కోరింది పెద్దదేమీ కాదు. ప్రభువు పిలిచే ఆ మేల్కొలుపు ఉదయాన అందరూ లేచినప్పుడు, ఆ గుంపులో ఆయన ముఖం నాకు కనబడాలి. అంతే.

ఆ వేసవిలో తంతి వచ్చింది. ఇంగ్లీషు చదవగలిగినవాణ్ణని పోస్టుమాన్ దాన్ని తిన్నగా బడికే తెచ్చాడు. రత్నంగారు గుండె ఆగి పోయారు.

ఆయన అప్ప పేరు సంతోషమ్మ. భర్త పోయాక ఇల్లిల్లూ తిరిగి ఆడవాళ్ళకు వాక్యం చెప్పే పని చేసేది. నడివయసులో ఏదో జ్వరం వచ్చి రెండు చెవులూ పూర్తిగా పోయాయి. మాట్లాడేవారి పెదాలు చూసి అర్థం చేసుకునేది. మందిరంలో మొదటి బెంచీలో కూర్చుని, పాట అందించేవాడి పెదాల మీంచి చూపు తిప్పకుండా, వెనకటి రాగాలు గుర్తు పెట్టుకుని పాడేది. ఆ గొంతు శ్రుతిలో ఉండేది కాదు. ఎవరూ ఏమీ అనేవారు కాదు.

ఆమెకు కబురు నేను పెదాలతో చెప్పాలి. ఎదురుగా కూర్చున్నాను. "రత్నం" అన్నాను. తర్వాతి మాట సగంలో ఉండగానే ఆమె చెయ్యెత్తి నా నోరు మూసింది.

"రెండోపాలి సెప్పకు" అంది.

అక్కడే విశ్వవిద్యాలయం వారు గౌరవంగా సమాధి చేశారని తర్వాత తెలిసింది. మావాళ్ళెవరూ వెళ్ళలేకపోయాం. అందుకని మా మందిరంలోనే సంతాప సభ పెడదామని నేను అయ్యగారిని అడిగాను. ఆయన సంఘపెద్దలను తన ఇంటి వరండాలోకి పిలిచారు.

సభకు ఎవరూ కాదనలేదు. గొడవంతా ఒక పాట దగ్గర వచ్చింది.

మా సంఘంలో ఒక పాట ఉంది. ఆవలి ఒడ్డు పాట అంటాం. మా వెనకటి బోధకుడొకాయన కట్టాడంటారు. అచ్చులో లేదు. అందించేవాళ్ళు ఒకరి నుంచి ఒకరు నేర్చుకుంటారు. బాప్తిస్మం తీసుకున్న సభ్యుడు పోయినప్పుడు మాత్రమే పాడతాం, ఇంకెప్పుడూ పాడం. ఏరు దాటి వెళ్ళినవారిని మళ్ళీ కలుసుకుంటామన్నదే ఆ పాట సారం. మిగిలిన పాటలకు కూర్చుంటాం. దానికి మాత్రం లేచి నిలబడతాం.

పౌలయ్యగారు పెద్దల్లో పెద్ద. కుండబద్దలు కొట్టినట్టు చెప్పేశారు. "సభ ఎట్టండి. పొగడండి. ఆ పాట మాత్రం కాదు."

"నీకు కోపమెందుకు బావా ఆయన మీద?" అని ఒకరన్నారు.

"కోపమేటి? ఆడూ నేనూ ఒక్క సెడ్డీ మార్సుకుని తొడుక్కున్నోళ్ళం. ఆడు పోనాడని రేతిరి నేను కూడు ముట్టలేదు, మా ఇంటిదాన్ని అడుగు. కానీ ఆడు నీళ్ళలో దిగలేదు. దిగనోడికి ఆ పాట పాడితే రేపు మన పిల్లలు ఏటంటారు? దిగితే ఏటి, దిగకపోతే ఏటి అనరా?"

సంఘం కట్టుబాటు ప్రకారం ఆయన అన్నది సరే. అయ్యగారు నా వైపు తిరిగారు. "మాస్టారూ, పంటల పండుగ కృతజ్ఞత పాట అందించండి. దేవుడు అలాంటి మనిషిని మనకిచ్చినందుకు వందనాలు చెప్పుకుందాం. అంతకంటే మనం చెప్పగలిగింది లేదు." నేను సరేనని అందరి ముందూ మాట ఇచ్చాను. ఇచ్చి బయటికి వచ్చి గోడ పక్కన నిలబడి ఏడ్చాను. ఆ పాట పాడకపోవడమంటే, మళ్ళీ చూస్తామని మేం అనుకోవడం లేదని ఆయన సొంత మందిరంలో నిలబడి చెప్పడమే కదా.

సభ ఆదివారం ఆరాధన తర్వాత జరిగింది. పట్టపగలు. కిటికీలన్నీ తెరిచి ఉన్నాయి. మైకు లేదు. గజపతినగరం నుంచి ఆయనతో చదువుకున్నవారు వచ్చారు, విజయనగరం నుంచి కాలేజీ లెక్చరర్లు వచ్చారు. ఆయన చదువు గురించి, నిజాయితీ గురించి మంచి మాటలు చెప్పారు. మా ఊరి రైతు అప్పలనాయుడుగారు కూడా లేచారు. సభల్లో మాట్లాడిన అలవాటు లేక తలపాగా తీసి చేతిలో నలుపుతూ మొదలెట్టారు.

"వైస్ ఛాన్సలర్ అంటే ఏటో నాకు తెల్దు బాబూ. ఓ వానాకాలం నా బండి బురదలో దిగబడిపోనాది. ఈ బాబు దారిన పోతా పోతా సూసి, కోటు ఇప్పీసి సక్రానికి బుజం ఎట్టీసినాడు. ఒద్దు బాబూ, నువ్వు పెద్ద ఉద్యోగస్తుడివి అన్నాను. ఆ సంగతి బురదకి తెల్దు కదా మావా అన్నాడు. ఇద్దరం పడ్డాం బురదలో. లేసి, మావా, పోయినేడు నాకు సన్మానం సేసినోళ్ళు కూడా గందం ఇంత బాగా పుయ్యలేదు అన్నాడు."

అందరూ నవ్వారు. నవ్వుతూనే చాలామంది కళ్ళు తుడుచుకున్నారు. సంతోషమ్మప్ప ఆయన పెదాలు చూసి అందరికంటే ఆలస్యంగా నవ్వింది.

అప్పుడు అయ్యగారు నాకు సైగ చేశారు. నేను ముందుకు వెళ్ళి నిలబడ్డాను. కృతజ్ఞత పాట మొదటి వరుస అందించాను. ఇది నాకు బాగా గుర్తు. నా గొంతు నేను విన్నాను. ఏ మాటలు పలికానో నాకు తెలుసు.

మావాళ్ళంతా లేచి నిలబడ్డారు.

లేచి, ఆవలి ఒడ్డు పాట మొదటి వరుస పాడారు.

వీళ్ళంతా ముందే అనుకుని ఇలా చేస్తున్నారేమో అనుకున్నాను. పౌలయ్యగారి వైపు చూశాను. ఆయన కూడా నిలబడి పాడుతున్నారు, కోపంగా నన్నే చూస్తూ. నేను కంగారుపడి కృతజ్ఞత పాట రెండో వరుస ఇంకా గట్టిగా అందించాను. వాళ్ళు ఆవలి ఒడ్డు పాట రెండో వరుస పాడారు.

ఆ గుంపులో ఒక్క గొంతు మాత్రం వేరే పాట పాడుతోంది. సంతోషమ్మప్ప. మొదటి బెంచీలో కూర్చునే ఉంది. నా పెదాలు చూస్తూ కృతజ్ఞత పాట పాడుతోంది.

నోరు మూసుకున్నాను. నేను ఆపగానే ఆమె కూడా ఆపింది. నా నోటి వైపే చూస్తూ కూర్చుంది. సంఘం మాత్రం ఆగలేదు. ప్రతి వరుస తర్వాతా ఎప్పటిలాగే నిలిచారు. ఆ నిలిచినంతసేపూ ముందుకు చెవి ఒగ్గి ఉన్నారు, ఎవరో అందిస్తుంటే వింటున్నట్టు. తర్వాత అందరూ ఒక్కసారిగా అందుకుని పాడారు. ఆ మధ్యలో నాకు బయట కాకి అరుపు వినిపించింది, పెంకుల మీద గాలి వినిపించింది. మరేమీ వినిపించలేదు. చివరి చరణం దాకా అలాగే పాడారు. ఒక్కరూ తప్పలేదు, తడబడలేదు.

అయ్యగారు ముగింపు ప్రార్థన చేసి అందరినీ పంపేశారు. నేను కదలకముందే పౌలయ్యగారు వచ్చి నా జబ్బ పట్టుకున్నారు.

"మాటిచ్చి తప్పుతావేట్రా? మందిరంలో నిలబడి?"

"నేను ఆ పాట అందించలేదు మావా. కృతజ్ఞత పాటే అందించాను."

"నా సెవులకేం రోగమొచ్చిందని సెప్తన్నావా? మొత్తం పాట నువ్వే ఇచ్చినావు. నీ గొంతు నాకు తెల్దా?"

మా ఇద్దరి పెదాలూ చూస్తున్న సంతోషమ్మప్ప లేచి మా మధ్యకు వచ్చింది. చెవుడు వల్ల ఎప్పుడూ అరిచినట్టే మాట్లాడేది.

"ఆడి సెయ్యి ఒగ్గు. ఆడు ఆ పాట ఇవ్వలేదు. నాను సూస్తన్నాను కదా ఆడి మూతి? పంటల పాట ఇచ్చినాడు. రెండు వరుసలు ఇచ్చి ఆపీసినాడు. ఆడు ఆపీసినాడని నానూ ఆపీసినాను. మీరందరూ ఎలాగ పాడినారు?"

పౌలయ్యగారు నా జబ్బ వదిలేశారు.

చుట్టూ ఉన్నవారిని అయ్యగారు అక్కడికక్కడే ఒక్కొక్కరినీ అడిగారు. ఆవలి ఒడ్డు పాటే అందిందని అందరూ చెప్పారు. కుర్రవాళ్ళు అది నా గొంతేనన్నారు. పౌలయ్యగారు తప్ప, రత్నంగారు చిన్నప్పుడు పాట అందిస్తుండగా విన్న ముసలివాళ్ళంతా కాదన్నారు. అది మొగపిల్లాడి గొంతు, ఇంకా బొంగురుపోని లేత గొంతు, వరుస చివర కొంచెం సాగదీసి వదిలాడు అన్నారు. వెనక బెంచీలో కూర్చునే ముసలమ్మ ఒకామె, "రత్నం బాబే. సిన్నప్పటి గొంతు. నాకు అందేదాకా ఆగినాడు" అని నేల మీద కూలబడింది. సభకు వచ్చిన హిందువులను అడిగితే, ఎవరో అందిస్తే మీవాళ్ళు పాడారు, మాకు ఏ పాట ఏదో ఏం తెలుసు అన్నారు. ఎవరు అందించారని అడిగితే మాత్రం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

తర్వాతి వారం అయ్యగారు మరో పని చేశారు. ఆయన దేన్నీ తేలిగ్గా నమ్మే మనిషి కాదు. అందించేవాడు లేకుండా ఆ పాట పాడి చూడమని సంఘాన్ని అడిగారు. ప్రయత్నించారు. రెండో చరణంలోనే చిక్కుకుపోయి, ఒకరి వరుస ఒకరికి తగిలి ఆగిపోయారు.

నేను అయ్యగారిని ఒంటరిగా కలిసి నా గుండెలో ఉన్నది అడిగాను. రత్నంగారు నమ్మి వెళ్ళారని దీనికి అర్థమా? మనకు కబురు పంపారా? అయ్యగారు చేతిలో ఉన్న బైబిలు మూసి పక్కన పెట్టారు. "లేఖనం మౌనంగా ఉన్న చోట నన్ను మాట్లాడమనకండి మాస్టారూ" అన్నారు. ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నేను మళ్ళీ అడగలేదు.

సభ జరిగిన సాయంకాలం సంగతి ఒకటి చెప్పాలి. సంతోషమ్మప్ప పేటలో ఇంటింటికీ తిరిగింది. కనబడ్డవారినల్లా ఆపి ఒకటే అడిగింది. "గొంతెలాగున్నాది? దగ్గొచ్చినాదా? నవ్వినట్టున్నాదా?" వాళ్ళు పెదాలతో చెప్పడానికి చూశారు. గొంతు ఎలా ఉందో పెదాలతో ఎవరు చెప్పగలరు? చివరికి మా ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చుంది.

"నువ్వు సెప్పరా. నువ్వు ముందరే ఉన్నావు కదా. ఎలాగున్నాది?"

"నాకు వినబడలేదప్పా."

ఆమెకు అర్థం కాలేదనుకుని మళ్ళీ చెప్పాను. అర్థమైంది. నా రెండు చెవులూ తన చేతులతో పట్టుకుని, పసివాడికి చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇంత సెవులెట్టుకుని నీకూ వినబడలేదేట్రా?" అంది. నవ్వబోయి నవ్వలేకపోయింది. నా భుజం మీద తల పెట్టుకుంది. వీధిలో దీపాలు పెట్టేదాకా మేమిద్దరం అలాగే కూర్చున్నాం.

ఇన్నేళ్ళుగా దీని గురించి ఆలోచిస్తూనే ఉన్నాను. దుఃఖంలో అందరికీ ఒకే భ్రమ కలిగిందనుకుందామంటే, ఆ పాట వద్దన్న పౌలయ్యగారికి కూడా ఎందుకు కలిగింది? నాకు తెలియకుండా నేనే అందించాననుకుందామంటే, ఆమె చూసిన పెదాలు నావే కదా? చనిపోయినవాడు వచ్చాడంటే నా విశ్వాసం ఒప్పుకోదు. దేవుడే ఒక గొంతును అరువిచ్చి పాడించాడని అనుకోవాలని ఉంటుంది. కానీ ఆయన ఇవ్వని అర్థాన్ని ఆయన పేరు మీద చెప్పడానికి నాకు భయం. నాకు తెలియదు. అంతకు మించి చెప్పలేను.

ఇప్పటికీ మా మందిరంలో పాట అందించేది నేనే. సంఘం వరుస పాడి ఆపగానే వెంటనే తర్వాతిది అందించను. కాసేపు ఆగుతాను. "మేస్టారు ముసిలోడైపోనాడు, వరుస మర్సిపోతన్నాడు" అని కుర్రవాళ్ళు వెనక గుసగుసలాడుకుంటారు. అనుకోనీ. చెవి ఒగ్గి ఇంకొంచెంసేపు నిలబడతాను. ఏమీ వినబడదు. అప్పుడు నేనే అందిస్తాను.